ట్రంకు పెట్టె, గడ్డివామి: హత్యానేర విచారణలో నేరాంగీకారం - రెండు తెలుగునాటి వ్యాజ్యాల చరిత్ర

వ్యాససంగ్రహం: పోలీసుల ఎదుట నిందితుడు చెప్పిన మాట హత్యకేసులో ఎంతవరకు సాక్ష్యమవుతుందన్న ప్రశ్నకు భారత న్యాయస్థానాలు నేటికీ ప్రమాణంగా చూపే తీర్పులలో రెండు తెలుగువారి వ్యాజ్యాల నుండి పుట్టినవి. మొదటిది పిఠాపురం, బరంపురాల మధ్య నడిచిన పాకాల నారాయణస్వామి కేసు (1939). రెండవది గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కోటయ్య కేసు (1946). ఈ రెండు తీర్పుల పూర్వరంగాన్ని, వాటిలో తేలిన సూత్రాలను, ఆ సూత్రాలకు తెలుగు వాక్యనిర్మాణంతో ఉన్న చిక్కును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నేరాంగీకారం, సాక్ష్య చట్టం, ప్రీవీ కౌన్సిల్, మధ్యవర్తులనామా, మద్రాసు ప్రెసిడెన్సీ, సెక్షన్ 27.

1. ఉపోద్ఘాతం

పిఠాపురం పేరు వినగానే సాహిత్య పరిశోధకులకు సూర్యరాయాంధ్ర నిఘంటువు, దాని పోషకులైన మహారాజా వారు గుర్తుకు వస్తారు. న్యాయశాస్త్ర విద్యార్థులకు గుర్తుకు వచ్చే పిఠాపురం వేరు. అది దివాను కొలువులోని ఒక బంట్రోతు బాకీ వసూలుకు రైలెక్కి తిరిగిరాని పిఠాపురం. ఒకే ఊరికి ఒకే దశాబ్దంలో ఈ రెండు కీర్తులూ దక్కాయి. రెండవదాని గురించి తెలుగులో రాసినవారు చాలా తక్కువ.

ప్రాచీన వ్యవహార ధర్మంలో నేరాంగీకారం ఇంత చిక్కు విషయం కాదు. పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయానికి మూలమైన మితాక్షర సంప్రదాయంలో ప్రతివాది చెప్పదగిన ఉత్తరాలు నాలుగు విధాలు. వాటిలో సంప్రతిపత్తి ఒకటి, అంటే వాది చెప్పినదాన్ని ఒప్పుకోవడం. ఒప్పుకొన్న తరువాత సాక్ష్యంతో పని లేదు, వివాదం అక్కడితో ముగుస్తుంది. కాని అది సభలో, ప్రాడ్వివాకుని ఎదుట చెప్పిన ఉత్తరం. ఠాణా గదిలో, తలుపు మూసి ఉండగా, దర్యాప్తు చేసేవాడే వినేవాడూ రాసుకొనేవాడూ అయినప్పుడు పుట్టిన ఒప్పుకోలు సంగతి వేరు. ఆధునిక సాక్ష్య చట్టానికి ఎదురైన సమస్య ఈ రెండవదే.

2. అవిశ్వాసానికి మూలం: 1855 నివేదిక

భారత సాక్ష్య చట్టం (1872) లోని 25వ సెక్షన్ ఒకే ఒక్క వాక్యం. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారాన్ని నిందితునికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని దాని సారాంశం. ఆ మాట నిజమా కాదా, స్వచ్ఛందమా బలవంతమా అన్న విచారణకు అక్కడ తావే లేదు. బెదిరింపు, ఆశ చూపడం, వాగ్దానం వంటివాటి వల్ల కలిగిన ఒప్పుకోలు చెల్లదని 24వ సెక్షన్ ఎలాగూ చెబుతుంది. అయినా 25వది అవసరమయింది. తమ కొలువులోని పోలీసునే తమ న్యాయస్థానం నమ్మరాదని ఒక పాలనాయంత్రాంగం చట్టంలో రాసుకోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. సొంత దేశంలో ఆ పాలకులు ఇలాంటి సంపూర్ణ నిషేధాన్ని పెట్టుకోలేదు.

దీని మూలాలలో ముఖ్యమైనది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1854లో బ్రిటిష్ పార్లమెంటులో జరిగిన చర్చ దరిమిలా మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోన్‌హౌస్, నార్టన్‌లతో ఒక కమిషన్‌ను నియమించింది. 1855లో వెలువడిన దాని నివేదిక చరిత్రలో మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదికగా పేరుపొందింది. పన్ను రాబట్టడానికి, నేరం ఒప్పించడానికి ఒకే రకమైన హింస వాడుకలో ఉన్నదని అది తేల్చింది. రెండు పనులూ ఒకే తాసీల్దారు చేతికింద, ఒకే సిబ్బందితో సాగేవి కాబట్టి సాధనాలూ ఒకటే అయ్యాయి. వేళ్లను రెండు కర్రల నడుమ పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి మెడనూ కాలివేళ్లనూ తాడుతో కలిపి కట్టి గంటల తరబడి ఉంచడం వంటివాటిని నివేదిక వర్ణించింది. వాటిని సూచించే స్థానిక పదాలను తమిళంలోనే గాక తెలుగులోనూ నమోదు చేసింది. కిట్టి నిఘంటువుకెక్కిన తెలుగు మాట. ఒక భాషలో హింసాసాధనానికి స్థిరమైన పేరు ఉన్నదంటే ఆ సాధనం ఎంత పాతదో ఊహించవచ్చు.

ఈ నివేదిక తరువాత రెవెన్యూ నుండి పోలీసు వ్యవస్థను వేరుచేసే చట్టం మద్రాసులో 1859లో, దేశమంతటికీ 1861లో వచ్చింది. అదే 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 148, 149, 150 సెక్షన్లే తరువాత సాక్ష్య చట్టంలో 25, 26, 27 సెక్షన్లయ్యాయి. చట్టాన్ని రచించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ వాటిని కొత్తగా కల్పించలేదు, కోడ్ నుండి తెచ్చి అమర్చాడు. 1884లో అలహాబాదు హైకోర్టు ఫుల్ బెంచి ముందుకు వచ్చిన బాబూలాల్ కేసులో జస్టిస్ మహమూద్ ఈ వంశవృక్షాన్ని వివరంగా చర్చించారు.

మూడు సెక్షన్ల పరస్పర సంబంధాన్ని ఇక్కడే గుర్తుంచుకోవాలి. 25వది పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారాన్ని నిషేధిస్తుంది. 26వది పోలీసు అదుపులో ఉన్నవాడు ఎవరికి చెప్పినా, మేజిస్ట్రేటు సమక్షంలో తప్ప, చెల్లదంటుంది. 27వది ఈ రెండు తలుపులూ మూసిన గోడలో ఒక కిటికీ వంటిది. అదుపులో ఉన్న నిందితుడిచ్చిన సమాచారం వల్ల ఒక వాస్తవం కనుగొనబడితే, ఆ వాస్తవానికి స్పష్టంగా సంబంధించినంత మేరకు ఆ సమాచారాన్ని, అది నేరాంగీకారమైనా కాకపోయినా, రుజువు చేయవచ్చు. కిటికీ వెడల్పు ఎంత అన్నదే ఆ తరువాతి చరిత్ర.

26వ సెక్షన్‌కు 1891లో చేర్చిన వివరణ మద్రాసు ప్రాంతీయులకు ప్రత్యేకంగా వర్తించినది. గ్రామాధికారి మేజిస్ట్రేటు వంటి అధికారాలు కొన్ని చెలాయించినా, కోడ్ ప్రకారం మేజిస్ట్రేటు అయితే తప్ప, ఈ సెక్షన్‌కు సంబంధించి అతడు మేజిస్ట్రేటు కాడని ఆ వివరణ చెబుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ పేరు దానిలో ప్రత్యేకంగా కనబడుతుంది. పోలీసు అదుపులోని మనిషిని గ్రామ మునసబు ముందు నిలబెట్టి నేరం ఒప్పించే దారి ఈ విధంగా మూతపడింది. అదుపు లేనప్పుడు మునసబుకు చెప్పిన మాట సంగతి వేరు. న్యాయస్థానేతర నేరాంగీకారమన్న పేరుతో అది తెలుగు జిల్లాల హత్యకేసులలో చాలాకాలం కనిపిస్తూ వచ్చింది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేదాకా మునసబు, కరణం పోలీసు దర్యాప్తులకు అలవాటైన సాక్షులు.

3. పూరీ స్టేషనులో పెట్టె

1937 మార్చి 23, మంగళవారం మధ్యాహ్నం వేళ, బెంగాల్ నాగపూర్ రైల్వే శాఖామార్గానికి చివరి స్టేషనైన పూరీలో ఒక మూడవ తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఉక్కు ట్రంకు కనబడింది. తెరచి చూస్తే ఏడు ముక్కలుగా నరికిన పురుషుని శవం. మృతుని గుర్తించడానికి కొన్ని రోజులు పట్టింది. చివరకు భార్య గుర్తుపట్టింది. అతడు సుమారు నలభై ఏండ్లవాడు, పిఠాపురం దివాను కొలువులో బంట్రోతు.

దివాను కుమార్తెలలో ఒకరు పాకాల నారాయణస్వామి భార్య. ఆ దంపతులు కొంతకాలం బరంపురంలో ఉండి, 1933 ప్రాంతంలో పిఠాపురం వచ్చి దివాను ఇంట ఉన్నారు. ఆ కాలంలో వారికి డబ్బు ఇబ్బంది. 1936లో ఆమె ఆ బంట్రోతు దగ్గర చిన్న చిన్న మొత్తాలుగా సుమారు 3000 రూపాయలు, ఏటా నూటికి 18 వడ్డీకి అప్పు తీసుకొన్నది. ఆమె సంతకంతో ఉన్న దాదాపు 50 ఉత్తరాలు, చీటీలు అతని మరణానంతరం పిఠాపురంలోని అతని ఇంట దొరికాయి. దివాను కుమార్తె తండ్రి బంట్రోతుకు బాకీపడటం, ఆ బంట్రోతు ప్రతి చీటీనీ దాచుకోవడం - జమీందారీల చివరి రోజుల సామాజిక చరిత్రకు ఈ ఒక్క వివరమే ఎంతో చెబుతుంది. తీర్పు మాత్రం దాన్ని నేరానికి హేతువుగా నమోదు చేసి ముందుకు సాగిపోయింది.

మార్చి 20న అతనికి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. బరంపురం రమ్మని నారాయణస్వామి భార్య రాసిందనీ, బాకీ తీసుకోవడానికి వెళుతున్నాననీ అతడు తన భార్యతో చెప్పాడు. మరునాడు ఆదివారం బరంపురం రైలు అందుకోవడానికి ఇల్లు విడిచాడు. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 250 మైళ్లు. మంగళవారానికి అతని శవం పూరీలో ఉంది.

ఏప్రిల్ 4న పోలీసులు నారాయణస్వామిని ప్రశ్నించారు. అప్పటికి అరెస్టు చేయలేదు. మృతుడు 21 సాయంత్రం తన ఇంటికి వచ్చాడనీ, బయటి గదిలో ఆ రాత్రి పడుకొన్నాడనీ, 22 సాయంత్రం ప్యాసింజరు రైలులో వెళ్లిపోయాడనీ ఆయన చెప్పినట్లు నమోదయింది. వ్యాజ్యమంతా ఈ మూడు ముక్కల చుట్టూ తిరిగింది. ఇందులో నేరం ఒప్పుకోవడం ఎక్కడా లేదు. వెళ్లిపోయాడని చెప్పడం నేరాన్ని కాదనడమే. అయితే మృతుడు తన ఇంటికి వచ్చాడన్న అంగీకారం ఉన్నది, ప్రాసిక్యూషన్‌కు కావలసినదీ అదే.

ఆనాటి పాలనా భూగోళం కూడా ఈ కేసు నడకను నిర్ణయించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడటంతో బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుండి విడిపోయింది. ఒరిస్సాకు అప్పటికి సొంత హైకోర్టు లేదు, పాట్నాదే అధికారం. మృతుని ఊరు మద్రాసు కింద, హత్య జరిగిందన్న ఊరు పాట్నా కింద ఉన్నాయి. ఏడాది ముందు జరిగి ఉంటే ఈ అప్పీలు మద్రాసుకు వెళ్లేది. తొలుత విచారించిన మేజిస్ట్రేటు సాక్ష్యం చాలదని నిందితులను వదిలేశాడు. సెషన్స్ జడ్జి కలుగజేసుకొని కేసును విచారణకు రప్పించిన తరువాత నారాయణస్వామి భార్య నిర్దోషిగా విడుదలయింది. నారాయణస్వామికి మరణశిక్ష పడింది. పాట్నా హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు చేరింది.

1939 జనవరి 19న లార్డ్ అట్కిన్ ఇచ్చిన తీర్పులో తేలిన అంశాలు మూడు. పాఠ్యగ్రంథాలు వాటిని వేర్వేరు అధ్యాయాలలో చెబుతాయి కాబట్టి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో విద్యార్థికి కనబడదు.

మొదటిది నేరాంగీకార నిర్వచనం. స్టీఫెన్ తన సాక్ష్యశాస్త్ర సంగ్రహంలో, నేరం చేసినట్లు అనుమితికి అవకాశమిచ్చే ఒప్పుదల కూడా నేరాంగీకారమేనన్నాడు. అట్కిన్ దాన్ని తిరస్కరించాడు. నేరాన్ని సూటిగా ఒప్పుకోవాలి, లేదా నేరానికి అంగాలైన వాస్తవాలన్నింటినీ దాదాపుగా ఒప్పుకోవాలి. ఎంత తీవ్రంగా నేరం వైపు వేలుచూపే వాస్తవమైనా, దాన్ని ఒప్పుకొన్నంత మాత్రాన నేరాంగీకారం కాదు. చంపిన కత్తి నాదే, ఇటీవల నా దగ్గరే ఉన్నదని చెప్పడం నేరాంగీకారం కాజాలదు. తనను తాను నిర్దోషిగా చెప్పుకొనే భాగమున్న మాట అసలే కాదు.

ఈ నిర్వచనాన్ని నిందితులకు రక్షగా వర్ణించడం పరిపాటి. నిజానికి ఈ కేసులో దాని ఫలితం అందుకు విరుద్ధం. నారాయణస్వామి మాట నేరాంగీకారం కాదని తేలగానే 25వ సెక్షన్ రక్షణ ఆయనకు లేకుండా పోయింది. నేరాంగీకారమన్న పదాన్ని ఎంత ఇరుకుగా నిర్వచిస్తే పోలీసు ముందు చెప్పిన మాటలలో అంత ఎక్కువ భాగం సాక్ష్యంలోకి జొరబడుతుంది. అట్కిన్ అక్కడే ఆగి ఉంటే ఈ తీర్పు ప్రాసిక్యూషన్‌కు కానుకగా మిగిలేది.

ఆయన ఆగలేదు. రెండవ అంశం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్. దర్యాప్తు సమయంలో ఏ వ్యక్తి అయినా పోలీసుకు చేసిన వాంగ్మూలం సాక్ష్యంగా వాడరాదని అది చెబుతుంది. ఏ వ్యక్తి అయినా అన్న మాటలో సాక్షులే గాక తరువాత నిందితుడయినవాడూ ఉంటాడా అన్నది హైకోర్టుల మధ్య వివాదం. ఉంటాడని అట్కిన్ తేల్చాడు. దానితో నారాయణస్వామి మాట నేరాంగీకారం కాకపోయినా సాక్ష్యం నుండి తొలగిపోయింది. ఒక చేత్తో తీసిన రక్షణను రెండవ చేత్తో, అంతకంటె వెడల్పుగా ఇచ్చినట్లయింది.

మూడవది మృతుని మాట. బాకీ తీసుకోవడానికి బరంపురం వెళుతున్నానని అతడు భార్యతో అన్నమాట, మరణానికి దారితీసిన వ్యవహారపు పరిస్థితులకు సంబంధించినది కాబట్టి 32వ సెక్షన్ కింద చెల్లుతుందని ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. ఆ మాట అన్నప్పటికి అతనికి మరణభయం లేదు, గాయమూ లేదు. అయినా చెల్లింది. రెండు మాటలూ ఇతరుల నోట వచ్చినవే. పోలీసు అధికారి చెప్పిన నిందితుని మాట తోసివేయబడింది, భార్య చెప్పిన మృతుని మాట నిలిచింది. సాక్ష్యపు విలువను మాటలోని నిజం కంటె, అది పుట్టిన చోటు నిర్ణయించిందనడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఇంత విజయం తరువాత అప్పీలు ఏమయిందన్నది తరగతి గదుల్లో తరచూ మరుగునపడుతుంది. అది కొట్టివేయబడింది. వాంగ్మూలాన్ని తీసివేసినా మిగిలిన సాక్ష్యం - అప్పు చీటీలు, మృతుని ప్రయాణం, ట్రంకు కొనుగోలు, దాన్ని జట్కాలో స్టేషనుకు చేర్చడం - శిక్షకు చాలునని కౌన్సిల్ భావించింది. భారతదేశంలో నిందితులకు ఎంతో మేలు చేసిన సూత్రం ఏ నిందితుని పేరిట వెలిసిందో అతనికి ఉపయోగపడలేదు.

ఈ తీర్పు వెంటనే మరో చిక్కు తెచ్చింది. నిందితుని మాటలన్నీ 162 కింద నిషిద్ధమైతే 27వ సెక్షన్ కిటికీ కూడా మూతపడినట్లే కదా? దానికి జవాబుగా 1941లో 162వ సెక్షన్‌ను సవరించి, అది 27వ సెక్షన్‌ను తాకదని చేర్చారు. కిటికీ మళ్లీ తెరుచుకొంది.

4. పులిపాడు చెరువు మూల

మద్రాసు హైకోర్టులో ఆ కిటికీ అప్పటికే ద్వారమంత వెడల్పయింది. 1937లో ఆత్తప్ప గౌండన్ కేసులో ఫుల్ బెంచి, దొరికిన వస్తువును నేరంతో ముడిపెట్టే మాటలు కూడా 27వ సెక్షన్ కింద చెల్లుతాయని నిర్ణయించింది. చూపిన కత్తితోనే చంపానని నిందితుడు అంటే కత్తి సంగతితో పాటు చంపిన సంగతీ సాక్ష్యమే. లాహోర్ ఫుల్ బెంచి 1929లోనే సుఖన్ కేసులో ఇందుకు భిన్నంగా చెప్పింది. బొంబాయి హైకోర్టు 1932లో గణూ చంద్ర కేసులో అదే ఇరుకు దారి పట్టింది. ఆ బొంబాయి తీర్పు ఇచ్చినది అప్పటి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్. ఆయనే తరువాత ప్రీవీ కౌన్సిల్‌లో కూర్చొన్నాడు.

1944 డిసెంబరు 29 సూర్యాస్తమయ వేళ గుంటూరు జిల్లాలో పులిపాడు చెరువు మూల ఒక పక్షం వారు కాచి ఉండి ఇద్దరిని కొట్టి చంపారన్నది అభియోగం. పల్లెటూరి పార్టీ కక్షల చరిత్ర తెలిసినవారికి కథ కొత్తది కాదు. గుంటూరు సెషన్స్ కోర్టు వేసిన శిక్షలను మద్రాసు హైకోర్టు ఖాయం చేయగా తొమ్మిదిమంది ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లారు.

1945 జనవరిలో అదుపులో ఉన్న ఒక నిందితుడు చెప్పినట్లు నమోదయిన వాంగ్మూలం చూస్తే అది ఒక పూర్తి కథ. ఎవరెవరు కాచి ఉన్నారు, ఎవరిని చంపారు, ఎవరు పారిపోయారు, తమలో ఎవరికి దెబ్బలు తగిలాయి, ఎవరి ప్రోద్బలంతో ఇది జరిగింది - అన్నీ ఉన్నాయి. వాటి నడుమ, ఒకడిచ్చిన బల్లేన్నీ తన కర్రనూ ఊళ్లో ఒకరి గడ్డివామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ రెండు వాక్యాలున్నాయి. మరొక నిందితుని మాట ఇంకా క్లుప్తం. బల్లెంతో పొడిచాను, దాన్ని ఒక దొడ్డిలో దాచాను, చోటు చూపిస్తాను. ఆత్తప్ప గౌండన్ సూత్రం ప్రకారం కింది కోర్టులు వీటిని మొత్తంగా సాక్ష్యంలోకి తీసుకొన్నాయి. ప్రత్యక్ష సాక్షుల మాటకు ఇవి గట్టి బలమన్నాయి.

1946 డిసెంబరు 19న బోమాంట్ చదివిన తీర్పు గౌండన్ కేసును తోసిపుచ్చింది. కనుగొన్న వాస్తవం అంటే దొరికిన వస్తువు కాదు. వస్తువు ఏ చోటి నుండి వచ్చిందో ఆ చోటు, ఆ చోటు నిందితునికి తెలుసునన్న సంగతి - ఈ రెండూ కలిసినదే కనుగొన్న వాస్తవం. ఇంటి కప్పులో దాచిన కత్తిని తీసి ఇస్తానని నిందితుడు చెబితే, దానివల్ల కత్తి కనుగొనబడలేదు. కత్తిని మనుషులు ఏనాడో కనిపెట్టారు అని బోమాంట్ చమత్కరించాడు. కనుగొన్నది ఆ కత్తి అక్కడ దాగి ఉందన్న విషయం అతనికి తెలుసునన్న సంగతిని. ఆ కత్తితో ఫలానావాడిని పొడిచానన్న మాట ఆ కనుగొనడానికి సంబంధించినది కాదు కాబట్టి చెల్లదు. పొడిచింది ఆ కత్తితోనేనని వేరే సాక్ష్యంతో రుజువు కావాలి.

ఇలా ఎందుకు ఇరుకు చేయాలో చెప్పిన కారణంలో 1855 నివేదిక ఛాయ కనిపిస్తుంది. ఒప్పుకోలులో ఏదో ఒక వస్తువు ప్రస్తావన ఉండి, ఆ వస్తువు దొరికితే చాలు నిషేధం తొలగిపోతుందంటే, పోలీసుల ఒప్పించే నేర్పు ఆ అవసరానికి తప్పక సరిపోతుందని, అప్పుడు నిషేధం ఆచరణలో మిగలదని బోమాంట్ అన్నాడు. చిత్రహింస అన్న పదం వాడలేదు. ఒప్పించే నేర్పు అన్నాడు. ప్రెసిడెన్సీ న్యాయస్థానాలలో పన్నెండేళ్లకు పైగా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నవాడి అనుభవం ఆ మాటలో ఉంది.

ఇదే కేసులో మరొక ఫిర్యాదు కూడా విచారణకు వచ్చింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు తొలుత రాసుకొన్న సాక్షుల వాంగ్మూలాల ప్రతులు ముద్దాయిలకు సమయానికి అందలేదు. అది నిబంధన ఉల్లంఘనే అయినా ఈ కేసులో అన్యాయం జరగలేదని కౌన్సిల్ భావించింది. నేరాంగీకారాల విషయంలో మాత్రం ఉపేక్షించలేదు. చెల్లని భాగాలను తీసివేశాక మిగిలిన సాక్ష్యం శిక్షకు చాలునో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు తిప్పిపంపింది. 1937 నుండి 1946 దాకా మద్రాసు హైకోర్టు కింది జిల్లాలలో గౌండన్ సూత్రం ప్రకారం ఎందరిపై మొత్తం ఒప్పుకోలు సాక్ష్యంగా పడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ తొమ్మిదిమందికి అప్పీలు అవకాశం దొరికింది. లండన్ దాకా వెళ్లే స్తోమత లేనివారి కేసులు ఏ నివేదికలలోనూ కనబడవు.

5. అదుపులో ఉన్నవాడికే తక్కువ రక్షణా?

రాజ్యాంగం వచ్చాక 27వ సెక్షన్‌కు కొత్త ప్రశ్న ఎదురయింది. అదుపులో ఉన్న నిందితుడు ఆయుధం చూపిస్తానంటే ఆ మాట చెల్లుతుంది. అదుపులో లేనివాడు అదే మాట పోలీసుకు చెబితే 162, 25 సెక్షన్ల వల్ల చెల్లదు. ఈ తేడా 14వ అధికరణానికి విరుద్ధమని అలహాబాదు హైకోర్టు సెక్షన్‌ను కొట్టివేసింది. అది కూడా హత్యకేసే. 1960లో దేవమన్ ఉపాధ్యాయ కేసుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు ఐదుగురిలో ఎక్కువమంది సెక్షన్‌ను నిలబెట్టి, హైకోర్టు ఇచ్చిన నిర్దోషిత్వ తీర్పును రద్దు చేశారు. విభేదించినవారు రాజమహేంద్రవరంలో పుట్టి, గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు.

సుబ్బారావు వాదం సూటిది. పోలీసు అదుపులో ఉన్నవాడికి ఒత్తిడి ఎక్కువ, కాబట్టి రక్షణ ఎక్కువ కావాలి. ఈ చట్టం తలకిందులుగా అదుపులో లేనివాడికి పూర్తి రక్షణ ఇచ్చి, అదుపులో ఉన్నవాడికి తగ్గిస్తోంది. వర్గీకరణకు హేతువు కనబడదు. మెజారిటీ జవాబు కూడా తేలికైనది కాదు. అదుపు వెలుపల ఉండి పోలీసుకు సమాచారమిచ్చే నిందితులు ఆచరణలో అరుదు, పైగా అటువంటివాడు తన మాటతోనే అదుపుకు లోబడ్డట్లు భావించవచ్చు. ఈ రెండవ మాట కల్పనాత్మకం. దర్యాప్తు అధికారి గడప దాటి లోపలికి వచ్చిన ప్రతివాడూ అదుపులో ఉన్నట్లేనన్న ఆ కల్పన, అదుపు ఎప్పుడు మొదలయిందన్న ప్రశ్నను ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగా సడలించింది. 1961లో కాథీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల బెంచి, బలవంతం రుజువైతే తప్ప 27వ సెక్షన్ 20(3) అధికరణాన్ని ఉల్లంఘించదని చెప్పడంతో రాజ్యాంగపరమైన చర్చ దాదాపు ముగిసింది. సుబ్బారావు భిన్నాభిప్రాయం చట్టం కాలేదు, కాని దానికి తగిన సమాధానమూ రాలేదు.

కోటయ్య తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు. 2005లో పార్లమెంటుపై దాడి కేసు విచారించిన సుప్రీంకోర్టు 27వ సెక్షన్ పరిధిని మళ్లీ దాని కొలతతోనే కొలిచింది. మధ్యలో టాడా వంటి ప్రత్యేక చట్టాలు పోలీసు ఉన్నతాధికారి నమోదు చేసిన నేరాంగీకారాన్ని చెల్లుబాటు చేశాయి, 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది కూడా. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

6. తెలుగు వాక్యం, ఇంగ్లీషు కత్తెర

బోమాంట్ ఉదాహరణను ఇంగ్లీషు వాక్యంగా చూస్తే చెల్లని భాగం తోకలా వెనుక వేలాడుతుంది. ముందు కత్తి, దాచిన చోటు, చూపిస్తానన్న మాట వస్తాయి. దేనితో పొడిచానో ఆ ఉపవాక్యం చివర చేరుతుంది. న్యాయమూర్తి కలం పెట్టి ఆ తోకను కోసేయవచ్చు, మిగిలిన వాక్యానికి గాయం కాదు.

తెలుగులో ఆ సౌకర్యం లేదు. పల్లెలో మనిషి సహజంగా చెప్పే వాక్యం 'వాణ్ణి పొడిచిన కత్తి మా ఇంటి కప్పులో పెట్టాను, వస్తే చూపిస్తాను' అన్న తీరులో ఉంటుంది. పొడిచిన అన్న క్రియాజన్య విశేషణం నామానికి ముందే వచ్చి దాన్ని అంటిపెట్టుకొంటుంది. ఏ కత్తి అన్న ప్రశ్నకు జవాబు అదే. దాన్ని తీసేస్తే మిగిలేది ఏదో ఒక కత్తి. ఇంగ్లీషులో వేరుచేయగల నేరభాగం తెలుగులో వస్తువును గుర్తించే గుణమైంది. అంతేకాదు, ఆ విశేషణంలో కర్త కనబడడు. 'పొడిచిన కత్తి' అన్నప్పుడు పొడిచింది తానేనా, మరొకడా అన్నది వాక్యం చెప్పదు. అనువాదకుడు ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కర్తను చేర్చక తప్పదు. అట్కిన్ నిర్వచనం ప్రకారం నేరాంగీకారమా కాదా అన్నది ఆ కర్త మీదే ఆధారపడి ఉంటుంది. తెలుగులో మౌనంగా ఉన్న కర్త ఇంగ్లీషులో 'నేను' అయితే, ఒప్పుదల నేరాంగీకారంగా మారింది వాంగ్మూలంలో కాదు, అనువాదంలో.

కోటయ్య కేసు వాంగ్మూలాలు లా రిపోర్టులలో ఇంగ్లీషులోనే లభ్యం. వాటిలో నేరభాగం విడి వాక్యాలుగా ఉంది: పొడిచాను, దాచాను, చూపిస్తాను. ప్రీవీ కౌన్సిల్ మొదటి వాక్యాన్ని తీసివేసి తక్కినవి ఉంచగలిగింది. ఆ వాక్యాల విరుపు చెప్పినవాడిదా, రాసినవాడిదా, అనువదించినవాడిదా అన్న ప్రశ్న తీర్పులో తలెత్తలేదు. లండన్‌లో కూర్చొన్నవారికి అది తలెత్తే అవకాశమూ లేదు.

తెలుగు జిల్లాల దర్యాప్తులో ఈ పని జరిగే పత్రానికి మధ్యవర్తులనామా అని పేరు. నిందితుడు మధ్యవర్తుల సమక్షంలో చెప్పిన మాట, ఆ తరువాత వస్తువు దొరికిన తీరు అందులో నమోదవుతాయి. విచారణలో అందులోని చెల్లుబాటయ్యే భాగాన్ని మాత్రమే గుర్తించి ఎగ్జిబిట్‌గా వేస్తారు. తక్కినది న్యాయమూర్తి చూడకూడదు. కాని కాగితం ఆయన ముందే ఉంటుంది. ఏ పదం దాకా చెల్లుతుందో తేల్చడానికి ఆయన మొత్తం చదవక తప్పదు. కోసేసిన 'పొడిచిన' అన్న మాటను చదివిన కళ్లు మరచిపోవాలని చట్టం ఆశిస్తుంది.

2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం పాత 25, 26, 27 సెక్షన్లను ఒకే 23వ సెక్షన్‌లో కలిపింది. 27వది ఇప్పుడు అందులో మినహాయింపుగా చేరింది. స్పష్టంగా సంబంధించినంత మేరకు అన్న 1861 నాటి షరతు మారలేదు, అంటే కోటయ్య తీర్పు పని కూడా ముగియలేదు. దానితోపాటే వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షన్ సోదాలను, వస్తువుల స్వాధీనాన్ని ఆడియో, వీడియోలతో నమోదు చేయాలంటుంది. ఒప్పుకోలు చెప్పిన క్షణం దాని పరిధిలోకి నేరుగా రాదు. అయినా గడ్డివామి దగ్గర నిలబడి నిందితుడు ఏమన్నాడో, ఏ క్రమంలో అన్నాడో ఆ నమోదులో వినబడే వీలుంది. ఇంతకాలం మధ్యవర్తులనామా రాసిన చేతి ద్వారానో, ఇంగ్లీషు తర్జుమా ద్వారానో తప్ప న్యాయస్థానానికి చేరని తెలుగు వాక్యం, చెప్పినవాడి గొంతులోనే, కర్త ఉంటే కర్తతో, లేకపోతే లేకుండా, మొదటిసారి విచారణలోకి రావచ్చు.